అక్కడ లేని మనిషి చెప్పిన కథ

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ సంగతి మెత్తగా చెప్పడానికి కావలసిన పదాలు నా దగ్గర చాలా ఉన్నాయి, తెలుగు ఎమ్మే చదివినదాన్ని. అసూయ అనొచ్చు, ఈర్ష్య అనొచ్చు, మాత్సర్యం అని ఇంకా పైకి ఎత్తొచ్చు. వాటన్నిటికీ ఇస్త్రీ మడతలుంటాయి. నాకున్నది కుళ్ళే.

ఆమె నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. కాపురం రేపల్లెలో. మా మరిదికి అక్కడ వలలూ తాళ్ళూ అమ్మే కొట్టుంది, నిజాంపట్నం బోట్లవాళ్ళు వచ్చి కొనుక్కుపోతుంటారు. మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మా అత్తగారు పదమూడేళ్ళు మా దగ్గరే ఉన్నారు. మందులు, స్నానానికి వేణ్ణీళ్ళు, కంటి డాక్టరు, తలదువ్వడం అన్నీ నావే. నేను ఆవిడని ‘అత్తయ్యగారూ’ అనేదాన్ని. రేపల్లె నుంచి నెలకి రెండుసార్లు వచ్చిపోయే మనిషి ‘అత్తా’ అనేది. అదే మనిషి నన్ను మాత్రం ‘మీరు’ అనేది. ఎవరు ఎవరికి దగ్గరో తెలుసుకోవడానికి ఇంతకన్నా వ్యాకరణం అక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమెకి చదువు మీద మనసు పుట్టింది. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు కదా, ఖాళీగా ఎందుకని దూరవిద్యలో బీఏ కట్టింది. తెలుగు పేపరు నేను చెప్పాలని నిర్ణయమైపోయింది. ఎవరు నిర్ణయించారో తెలియదు, నన్నెవరూ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున రేపల్లె ప్యాసింజరు దిగి, చేతిలో రొయ్యపొట్టు పొట్లంతో వచ్చేది. పొట్లం అత్తగారికి, పాఠం తనకి, ఆపైన వంట నాకు.

మా ముందుగదిలో కిటికీ పక్కన నా బల్లా కుర్చీ ఉండేవి. దాని వెనక మధ్యగది, అందులో అత్తగారి మంచం. పాఠం బల్ల దగ్గర సాగుతుంటే అత్తగారు మంచం మీద నుంచి వినేవారు.

“కథకి ఏమేం కావాలి? రాసుకో. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, దృష్టికోణం, ముగింపు.”

“సంఘర్షణ అంటే కొట్టుకోవడమా అక్కా?”

“కొట్టుకోవడం కాదు. ఒక మనిషికి ఏదో కావాలి. అది దొరక్కుండా ఏదో అడ్డం ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య జరిగేది సంఘర్షణ.”

“మా అత్తకి రొయ్యపొట్టు కావాలి. బీపీ ఉంది, ఉప్పు తినకూడదని మీరు పెట్టరు. అదేనా?”

మధ్యగదిలోంచి కిలకిలా నవ్వు వినపడింది. పదమూడేళ్ళలో ఆ నవ్వు నేను ఒక్కసారి కూడా పుట్టించలేదు.

“అదే,” అన్నాను. అదే కాబట్టి అనక తప్పలేదు.

“పెద్దదాని పాఠం మంచిదే,” అన్నారు అత్తగారు లోపలినుంచి. “వింటుంటే మాత్ర వేసుకోకుండానే నిద్ర పడుతోంది.”

“నువ్వు పడుకో అత్తా. పరీక్ష నాకు, నీక్కాదు,” అందామె. మళ్ళీ నవ్వు.

దృష్టికోణం దగ్గర ఆమె బండి ఆగిపోయింది. కథ ఎవరి కళ్ళతో చూస్తున్నామో అది దృష్టికోణం అన్నాను. ఎవరు చెప్తే వాళ్ళ కళ్ళేగా అంది. కాదు, చెప్పే మనిషి వేరు, చూసే మనిషి వేరు, ఒకరు చెప్తూ ఇంకొకరి కళ్ళతో చూపించొచ్చు అన్నాను. బుర్ర ఊపింది. ఆ ఊపుడు నాకు తెలుసు, క్లాసులో చివరి బెంచీ పిల్లలు రోజూ ఊపుతారు.

పరీక్ష బాపట్లలో రాసింది. అన్ని పేపర్లూ పాసైంది, నేను చెప్పిన దాంట్లోనే అన్నిటికన్నా తక్కువ వచ్చాయి. దృష్టికోణం ప్రశ్నకి ఏం రాశావని నిలదీశాను.

“నిర్వచనం మర్చిపోయానక్కా. అందుకని మీ ఇంటి గురించి రాశాను.”

“మా ఇంటి గురించా?”

“ముందుగదిలో మీ కుర్చీలో కూర్చుంటే మధ్యగదిలో మంచం కనపడదు, వీపు అటు ఉంటుంది కాబట్టి. మంచం మీద పడుకుంటే కుర్చీలో మనిషి కనపడుతుంది. ఇల్లు ఒకటే, ఎక్కడుంటే అక్కడి కథ అని రాశా.”

“నిర్వచనం ఏది మరి? మార్కులు ఎవరిస్తారు దానికి?” అన్నాను. ఇవ్వనే లేదు కూడా. ఆ రోజు నాకు కాస్త తృప్తిగానే ఉంది, దాచను.

ఆ తర్వాత రెండేళ్ళకి, ప్రీఫైనల్ పరీక్షల రోజుల్లో, అత్తగారు పోయారు.

జరిగింది చెప్తాను. ఆ రోజు నాకు పొద్దున క్లాసులే. మధ్యాహ్నం ఇంటికొచ్చాను. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. అత్తగారు దోసావకాయ అడిగి మరీ వేసుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. మంచం మీద పడుకుని రేడియో చిన్నగా పెట్టుకున్నారు. నేను బల్ల దగ్గర కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. మూడున్నర దాటింది. “అమ్మాయ్,” అని పిలిచారు. ఒక్కసారే. గట్టిగా కూడా కాదు. “ఆ, వస్తున్నానండీ,” అన్నాను.

వెళ్ళలేదు. చేతిలో ఉన్న పేపరులో ఒక అమ్మాయి సంఘర్షణ అంటే రెండు కుటుంబాల మధ్య పోట్లాట అని రాసింది. అది తప్పని మార్జిన్లో వివరంగా రాశాను. ఆ పేపరు చివరిదాకా దిద్దాను. మార్కులు కూడి పైన వేశాను. ఎర్రపెన్నుకి మూత పెట్టాను. అప్పుడు లేచి వెళ్ళాను. అప్పటికి ఆవిడ లేరు. కళ్ళజోడు తీసి, దాని పెట్టెలో పెట్టి, ఆ పెట్టె గుండె మీద పెట్టుకుని ఉన్నారు. రేడియో నడుస్తూనే ఉంది.

డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. పక్కనే ఉన్నా ఎవరూ ఏమీ చేయలేకపోయేవారన్నాడు. ఆ మాట నమ్ముతాను. నమ్మడం వేరు, ఆ పెన్ను మూత పడిన చప్పుడు చెవిలో ఉండిపోవడం వేరు. ఆవిడ పిలిచారన్న సంగతి నేను డాక్టరుకి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. “నిద్రలోనే పోయిందిలే అమ్మ,” అని ఆయన అనుకున్నారు, అనుకోనిచ్చాను.

చావు జరిగిన ఇంటికి పరామర్శకి వచ్చేవాళ్ళు మా వైపు ఒకటే అడుగుతారు, “ఎలా జరిగిందమ్మా?” అని. ఇంట్లో ఎవరో ఒకరు మొదటినుంచీ చెప్పాలి. గంటకొకరు వస్తే గంటకోసారి చెప్పాలి. అయ్యాక వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళొస్తాం అనకూడదు, మనం మళ్ళీ రండి అనకూడదు. అంటే అలాంటి పని మీద మళ్ళీ రావాలని కోరుకున్నట్టు.

చెప్పే పని నాది. పెద్దకోడల్ని, పక్కనున్నదాన్ని, పైగా కథ ఎలా చెప్పాలో పిల్లలకి చెప్పి జీతం తీసుకునేదాన్ని. చెప్పాను. బీపీ ఎంతుందో చెప్పాను, ఏ మాత్ర ఎప్పటినుంచి మార్చారో, కిందటి నెల కంటి డాక్టరు ఏమన్నాడో చెప్పాను. వినేవాళ్ళ చూపు మెల్లగా ఫ్యాను మీదికి పోయేది. పిలుపు దగ్గరికి వచ్చేసరికి నా నోరు దానంతటదే పక్కకి తిరిగి, “నేను వెళ్ళి చూసేసరికి అయిపోయింది,” అనేది. చివర్లో అలవాటు కొద్దీ “మళ్ళీ రండి,” అనేశాను. ఆవిడెవరో, మా ఆయన ఆఫీసులో ఒకాయన భార్య, ఇంట్లో పసి మనవరాలు ఉందని లేచిన మనిషి, గుమ్మంలో ఠక్కున ఆగిపోయింది.

వెనకనుంచి మా తోడికోడలు అందుకుంది. “మీ మనవరాలికి నెల నిండాక చూడ్డానికి మేమే వస్తాం అంటోందండీ అక్క. నోరు తడబడుతోంది పాపం, నిన్నటినుంచీ నిద్ర లేదు.”

ఆవిడ ముఖం తేటపడింది. నన్ను కాపాడినందుకు థాంక్స్ చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం నందివెలుగు నుంచి బంధువులు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. “ఎలా జరిగిందే?” అని అడగటం వినపడింది. నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపు ఆమె మొదలుపెట్టేసింది.

“మా అత్త పడుకున్నా కళ్ళజోడు తియ్యదు పిన్నీ. కల్లో ఎవరన్నా వస్తే పోల్చుకోవద్దా అనేది. ఆ రోజు మధ్యాహ్నం తీసి పెట్టెలో పెట్టుకుంది.”

అంతే చెప్పి ఆగింది. చాప మీద చేరగిలబడి ఉన్న నలుగురూ ముందుకి వంగారు. ఫ్యాను వంక ఒక్కరూ చూడలేదు.

ఆ తర్వాతే పొద్దుటికి వెళ్ళింది. అత్తగారు కాఫీలో పంచదార తక్కువైందని అలిగిన సంగతి, రేడియో ముల్లు తిప్పుతూ పాట దొరక్క విసుక్కున్న సంగతి, గోడ అవతల కుట్టుమిషను చప్పుడు, కిటికీలోంచి మంచం మీద పడే ఎండ. నిజానికి ఆ వేళ తను రేపల్లెలో, కొట్లో, తాడు కొలుస్తోంది. ఇవన్నీ తనకి ఫోనులో చెప్పింది నేను. సరుకంతా నాది.

“మాగాయ వేసుకుని రెండు ముద్దలు ఎక్కువ తింది పిన్నీ,” అంటోంది.

“మాగాయ కాదు, దోసావకాయ,” అన్నాను గుమ్మంలోంచి.

“అవునక్కా, దోసావకాయ.”

“నాలుగింటికి కాదు, మూడున్నరకి.”

నందివెలుగు పిన్ని నా వంక తలెత్తి చూసింది. “ఏదైతే ఏంటమ్మా, దాన్ని చెప్పనీ,” అంది.

వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడినుంచి కూడా వినపడుతూనే ఉంది. ఆఖరికి నలుగురూ ఏడ్చారు. నేను చెప్పినప్పుడు ఒక్కరూ ఏడవలేదు. అదీ కుళ్ళు.

నాలుగోరోజు నుంచి వచ్చేవాళ్ళు వాకిట్లోనే, “రేపల్లె కోడలు ఉందా?” అని అడగటం మొదలైంది. పరామర్శకి రెండోసారి రావడం పద్ధతి కాదు. అయినా వీధిలో ఇద్దరు ముగ్గురు ఇంకెవరినో వెంటబెట్టుకుని, వాళ్ళకి దారి చూపించే వంకతో వచ్చి కూర్చునేవారు. ఒకావిడైతే కళ్ళజోడు రాకముందే కొంగు తీసి సిద్ధంగా పెట్టుకుంది.

ఎన్నిసార్లు విన్నానో. వినగా వినగా ఒకటి గమనించాను. ఆ కథలో నేను లేను. రేడియో ఉంది, కుట్టుమిషను ఉంది, ఎండ కూడా ఉంది. పదమూడేళ్ళు చేసిన మనిషిని, ఆ పూట అదే ఇంట్లో ఉన్న మనిషిని, కనీసం ఒక చిన్న పాత్రగా కూడా లేను. ఒకావిడ అడిగింది, “పెద్దకోడలు కాలేజీలో ఉందా అప్పుడు?” అని. మా తోడికోడలు, “పరీక్షల రోజులు కదా పిన్నీ,” అని తల వంచుకుంది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఆ ఒడుపు నేను పాఠంలో చెప్పలేదు.

నాకు రెండు జరిగాయి. ఒకటి, ఉడికిపోయాను. రెండోది, హమ్మయ్య అనుకున్నాను. నేను కథలో లేకపోతే నన్నెవరూ ఏం చేస్తున్నావని అడగరు కదా. ఉడుకూ ఊరటా రెండూ కలిసి కడుపులో ఉంటే మనిషికి అన్నం సయించదు. చూసినవాళ్ళు అత్తగారి మీద బెంగనుకున్నారు.

పదోరోజున గోడ అవతలి కుట్టుమిషనావిడ వచ్చింది. సాయిబుల ఇంటి కోడలు, మా జాకెట్లన్నీ ఆమె కుట్టేది. మా అత్తగారి జాకెట్లకి ముందు హుక్కులు ఊడిపోతే డబ్బులు తీసుకోకుండా వేసిచ్చేది, ఆవిడ ఆమెకి ఊరగాయ పంపేవారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

“పెద్దమ్మ గొంతు ఇంకా చెవిలోనే ఉందక్కా. ఆ రోజు పిలిచిందిగా, మిషను ఆపి విన్నాను. మీరు పలికారు. సర్లే, అక్క ఉంది కదా అని మళ్ళీ తొక్కుకున్నాను.”

చేతిలో చీర తడి నా పాదాల మీద కారుతోంది.

“ఎవరికన్నా చెప్పావా ఈ మాట?”

“ఆ సాయంత్రమే చిన్నక్కకి చెప్పానుగా. ఎలా జరిగిందని ఆమే గోడ దగ్గరికొచ్చి నన్నడిగింది. పెద్దమ్మ పిలిచింది, పెద్దక్క పలికింది అని చెప్పాను. తప్పా అక్కా?”

“తప్పేంటి,” అన్నాను. “ఉన్నదే కదా చెప్పావు.”

అంటే మొదటిరోజే తెలుసు. పలికానని మిషనావిడ చెప్పింది, వెళ్ళేసరికి అయిపోయిందని నేను చెప్పాను, రెండూ కలుపుకుంటే చాలు. కళ్ళజోడు కథ మొదటిసారి చెప్పేనాటికే తెలుసు. తెలిసే నన్ను తీసేసింది. ఇన్నాళ్ళూ నన్ను మర్చిపోయిందని ఉడికాను. మర్చిపోలేదు, దాచింది. నాకది ఇంకా భరించరానిదైంది. ఆమె బాగా చెప్పడం ఒకటి. ఆమె దయ మీద నేను బతకడం ఇంకొకటి.

పదకొండోరోజు పెద్దకర్మ అయింది. అత్తగారికి ఒక చెల్లెలు ఉన్నారు, బాపట్లలో. తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు, అక్క ఆఖరిచూపుకి కూడా రాలేకపోయారు. మా ఇద్దరినీ వచ్చి చెప్పిపొమ్మని కబురు చేశారు. మర్నాడు పొద్దున ఇద్దరం తెనాలిలో ప్యాసింజరు ఎక్కాం. ఆడవాళ్ళ పెట్టెలో జనం పెద్దగా లేరు. నిడుబ్రోలు దాకా ఓర్చుకున్నాను.

“నన్నెందుకు తీసేశావు?” అన్నాను.

“ఎక్కడినుంచి అక్కా?”

“నాటకాలాడకు. మిషనావిడ చెప్పింది. అత్తయ్యగారు పిలిచారని, నేను పలికి వెళ్ళలేదని నీకు తెలుసు. ఊళ్ళోవాళ్ళందరికీ ఇన్నిసార్లు చెప్పావు, అందులో నేనెక్కడ?”

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోతలైపోయిన చేలల్లో మినుము పచ్చగా ఉంది.

“మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదక్కా.”

“అంటే?”

“మీరు ఉన్నారని చెప్తే, మరి పిలిస్తే వెళ్ళలేదా అంటారు. పిలవలేదని చెప్తే అబద్ధం. పిలిచింది, వెళ్ళలేదు అని చెప్తే ఇక అందరూ ఆ కాసేపే పట్టుకుంటారు. అత్త పోతుంది, మీరు మిగులుతారు. అందుకని తీసేశాను. అలా తీసేసినప్పుడల్లా కథలో అక్కడ గుంట పడ్డట్టు ఉంటోంది. వాళ్ళు చూడలేదు. నాకు తెలుస్తూనే ఉంది.”

“నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు?”

“ఎవరూ అడగలేదు.”

“మరి?”

“మీకు ఊరికే కోపం వస్తుందక్కా,” అంది. “అయినా మీరు ఉంటే నాకెప్పుడూ సరిగ్గా చెప్పడం రాదు. దోసావకాయ అంటారు,” అంది.

అప్పికట్లలో బండి ఆగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. ఈ పూట నేనే చెప్తానన్నాను. ఆమె సరేనంది. అంత తొందరగా సరేననకుండా ఉంటే బాగుండేది, వాదించడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది.

చిన్నత్తయ్యగారి మంచం కిటికీ దగ్గర వేసి ఉంది. అక్క పోలికే, అదే నుదురు. మమ్మల్ని చూసి కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకున్నారు.

“నువ్వున్నావుగా దగ్గర. నువ్వు చెప్పు.”

చెప్పాను. ఈసారి బీపీలూ మాత్రలూ లేవు. తిన్నారని, పడుకున్నారని, నేను ముందుగదిలో పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను. పిలిచారని చెప్పాను. “వస్తున్నానండీ అన్నానండీ. వెళ్ళలేదు. చేతిలో పేపరు అయ్యాక వెళ్ళాను. అప్పటికి లేరు.”

“ఎంతసేపు?”

“పది నిమిషాలు ఉంటుందండి.”

చిన్నత్తయ్యగారు నా చెయ్యి వదల్లేదు. అలాగని నొక్కనూ లేదు. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే నాకు సమాధానం ఉండేది, ఎంతమంది చేస్తారండీ పదమూడేళ్ళు అని అడగడానికి మాట నాలిక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయారు. ఫ్యాను వంకే అనుకుంటాను. తర్వాత తల పక్కకి తిప్పి, నా వెనక నిలబడ్డ మనిషితో, “చిన్నమ్మాయ్, నువ్వు చెప్పు,” అన్నారు.

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఉన్న నిజమంతా చెప్పాను. ఇన్ని రోజులు ఎవరికీ చెప్పనిది చెప్పాను. అయినా చాల్లేదు.

మా తోడికోడలు మంచం కాళ్ళవైపు కూర్చుంది. నా వంక చూసింది. దోసావకాయ సంగతి నేను ఈసారి ఎత్తనని చూపుతోనే చెప్పాను. అప్పుడు మొదలుపెట్టింది. ఎప్పుడూ మొదలుపెట్టే చోట కాదు. కళ్ళజోడు ఎత్తలేదు. కాఫీ అలకతో మొదలుపెట్టింది, రేడియో ముల్లుకి వచ్చింది, ఎండకి వచ్చింది, కుట్టుమిషనుకి వచ్చింది. ఆ పైన నేను ఇదివరకు వినని చోటికి వచ్చింది.

“అత్తకి మంచం మీద నుంచి అక్క వీపు కనపడుతుంది చిన్నత్తా. అక్క బల్ల మీదికి వంగి రాసుకుంటోంది. అత్తకి ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది. అమ్మాయ్ అని పిలిచింది. ఆ, వస్తున్నానండీ అని అక్క పలికింది. పలికిందిగా, ఇంక మనిషి వస్తుంది. వచ్చే మనిషిని కళ్ళజోడు లేకపోయినా పోల్చుకుంటుంది, పదమూడేళ్ళుగా రోజూ చూసే మనిషే. అందుకని కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.”

ఆగింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. వీధిలో ఉల్లిపాయల బండివాడు కేక వేసుకుంటూ ఈ చివరనుంచి ఆ చివరకి పోయాడు. చిన్నత్తయ్యగారి చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుంది. “అయితే మా అక్కకి భయమెయ్యలేదన్నమాట,” అన్నారు. “మనిషి ఉందని తెలిసే పోయింది.” అని, అప్పుడు ఏడ్చారు. ఆ ఏడుపు చూసి నేనూ ఏడ్చాను, పన్నెండు రోజుల్లో మొదటిసారి.

కళ్ళజోడు నేను పలకకముందే తీశారో, పలికాక తీశారో ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఎవరూ లేరు. ఒక పిల్ల ఇలా పేపరులో రాసుంటే, దీనికి ఆధారం ఏదని మార్జిన్లో ఎర్రగా రాసేదాన్ని. సంఘటనలన్నీ నేను చెప్పినవే. నేను ఒకదాని తర్వాత ఒకటి, జరిగిన వరసలో చెప్పాను. ఆమె ఒక్కదాన్ని తీసి ఇంకోదాని వెనక పెట్టింది, కుర్చీలోంచి లేచి వెళ్ళి మంచం మీద పడుకుని చూసింది. అంతకుముందు రెండేళ్ళ కిందట అదే ఇల్లు పరీక్షలో రాస్తే, నిర్వచనం ఏది అని అడిగినదాన్ని నేనే.

బాపట్లలో ఎవరికీ వెళ్ళొస్తాం అని చెప్పకుండా లేచి వచ్చేశాం. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక, “అది ఎప్పుడు తట్టింది నీకు?” అని అడిగాను.

“మీరు చెప్తుంటే తట్టిందక్కా. వస్తున్నానండీ అని మీరు అన్నప్పుడు. అప్పటిదాకా ఆ మాట ఎలా అన్నారో నాకు తెలియదుగా.”

థాంక్స్ అనలేదు. “టిక్కెట్టు నీ దగ్గరే ఉందా?” అన్నాను. ఉందంది.

ఇన్నేళ్ళయింది. మా అత్తగారు ఎలా పోయారని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేనూ అలాగే చెప్తాను, పిలిచారు, పలికాను, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నారు అని. మాటకి మాట అదే. వింటారు, అయ్యో అంటారు. ఆమె చెప్తే ఏడ్చినట్టు ఏడవరు. కళ్ళజోడు దగ్గర ఎంతసేపు ఆగాలో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్తుందేమో. అడగను.